అపార్ట్‌మెంట్‌లో వాటర్ రోయింగ్ మెషీన్: ట్యాంకు కాదు, సీటు కింద చూడండి

మీరు రాసింది రెండుసార్లు చదివా. నిజాంపేటలో మూడో ఫ్లోరు, అద్దె డబుల్ బెడ్‌రూమ్, కింద ఫ్లాట్‌లో రిటైరైన పెద్దవాళ్లిద్దరు, పొద్దున అయిదున్నరకి తప్ప మీకు వేరే టైము దొరకదు, ట్రెడ్‌మిల్ కొన్న రెండో వారానికే కింద అంకుల్ గారు వచ్చి తలుపు కొట్టారు, దాన్ని సగం రేటుకి అమ్మేశారు, మోకాలు కూడా మెట్లెక్కేటప్పుడు పట్టేస్తోంది, ఇప్పుడేమో నీళ్ల ట్యాంకు ఉన్న రోయింగ్ మెషీన్ (కూర్చుని పడవ తెడ్డేసినట్టు లాగే వ్యాయామ మెషీన్) అయితే అసలు చప్పుడే ఉండదని ఎవరో చెప్పారు, అది నిజమేనా, అరవై వేల లోపు ఎలాంటిది తీసుకోవాలి, ఓనరు స్లాబ్ బరువు గురించి అడిగితే ఏం చెప్పాలి, ఇవీ మీ డౌట్లు.

నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా జిమ్ పరికరాల సర్వీసింగ్ చేస్తున్నా. అమ్మే పని కాదు, రిపేరు పని. కాబట్టి ఏ కంపెనీ మీదా ప్రేమ లేదు కోపం లేదు, విప్పినప్పుడు లోపల ఏం కనిపిస్తదో అదే చెప్తా. మా ఇంట్లో కూడా ఒక వాటర్ రోయర్ ఉంది, ఆరేళ్లయింది, మాదీ ఫ్లాటే, కింద ఫ్లాటు వాళ్లు ఇప్పటికీ పండక్కి పిండివంటలు పంపిస్తారు, అంటే లెక్క అర్థమైంది కదా.

చప్పుడే ఉండదన్నది అబద్ధం. ఉంటది. కాకపోతే నీళ్ల చప్పుడు చాలావరకు మీ గదిలోనే ఆగిపోతది, కింద ఇంటికి దిగేది వేరే చప్పుడు. సీటు చక్రాలు పట్టా మీద, అంటే సీటు జారే పొడుగు కమ్మీ మీద, దొర్లేది, ఫ్రేము నేలకి ఆనించి అదిరేది, మనిషి ముందుకొచ్చి దబ్బున ఆగేది, ఇవీ స్లాబులోంచి కిందకి పోయేవి. జనం షోరూమ్‌కి వెళ్లగానే ట్యాంకు చుట్టూ తిరుగుతారు, నీళ్లు గిర్రున తిరుగుతుంటే అందంగా ఉంటది మరి, ఫోటోలు తీస్తారు. నేనైతే ట్యాంకు ఆఖర్న చూస్తా. ముందు వంగి సీటు కింద చూస్తా.

నీళ్ల శబ్దం ఎలా ఉంటదంటే, నడుం మీద బిందె పెట్టుకుని నడుస్తుంటే లోపల నీళ్లు ఊగే శబ్దం ఉంటది చూడండి, దాన్ని కొంచెం పెద్దది చేసి, లాగిన ప్రతిసారీ ఒక ఊపు, వదిలినప్పుడు తగ్గుదల. నిండుకుండ తొణకదంటారు గానీ ఈ కుండ నిండకూడదు, తొణకాలి, ఆ తొణుకుడే మన వ్యాయామం. పక్క గదిలో తలుపేసుకుని పడుకున్న పిల్లలు లేవరు, అదే గదిలో టీవీ చూసేవాళ్లు మాత్రం సౌండ్ పెంచుకుంటారు. ఫ్యాన్‌తో గాలి మీద నడిచేవి ఉంటాయి, అమెరికాలో వెర్మాంట్‌లో డ్రైసిగాకర్ అన్నదమ్ములు 1981లో మొదటి రోయింగ్ మెషీన్ తెచ్చిన కాన్సెప్ట్2 కంపెనీ లాంటివి, అవి గట్టితనంలో రాజులు, పోటీలకి తయారయ్యేవాళ్లంతా వాటి మీదే కొడతారు, కానీ గట్టిగా లాగితే పాత కూలర్ ఫుల్ స్పీడ్‌లో పెట్టినట్టు బుస్సుమంటది, తెల్లారుజామున ఫ్లాట్‌లో వద్దు. అన్నిటికన్నా తక్కువ చప్పుడు నిజానికి మాగ్నెటిక్‌వే, అంటే అయస్కాంతంతో ఎదురు బలం ఇచ్చేవే, వాటర్‌వి కాదు, ఇది అమ్మేవాళ్లు చెప్పరు. చప్పుడొక్కటే లెక్క అయితే మంచి మాగ్నెటిక్ చూసుకుని పని ముగించొచ్చు. కానీ చవక మాగ్నెటిక్ దాని మీద లాగితే చేతికి ప్రాణం లేనట్టుంటది, నెల తర్వాత దాని మీద బట్టలు ఆరేస్తారు, అలాంటివి నేను ఎన్ని ఇళ్లలో చూశానో. హైడ్రాలిక్ పిస్టన్‌వి చిన్నగా ముద్దుగా ఉంటాయి, పావుగంట లాగాక ఆ పిస్టన్ ముట్టుకుని చూడండి, కాలిపోతుంటది, కొన్నాళ్లకి ఆయిల్ కారుద్ది. వాటి గురించి అంతే.

వాటర్‌లో ఉన్న సుఖం వేరు, అది అర్థమైతే మీరెందుకు కొంటున్నారో మీకే తెలుస్తది. దీనికి గట్టితనం పెంచే నాబ్ ఉండదు చాలా మోడళ్లలో. ఫోన్ చేసి "నాబ్ కనపడట్లేదండీ, పంపడం మర్చిపోయారా" అని అడిగినవాళ్లు ఉన్నారు. ట్యాంకులో తెడ్డు తిరుగుద్ది, దాన్ని ఎంత స్పీడ్‌గా తిప్పితే నీళ్లు అంత ఎదురు నిలుస్తాయి, ఎదురు బలం స్పీడ్‌కి వర్గంగా పెరుగుద్ది, మీరు పెట్టాల్సిన పవర్ అయితే ఘనంగా, అంటే తెడ్డు రెండింతల వేగంతో తిరగాలంటే ఎనిమిదింతలు పవర్ పెట్టాలి. అందుకే మీరు దిగాక మీ ఆవిడ ఎక్కినా ఏమీ మార్చక్కర్లేదు, ఆమె లాగినంతే అది ఎదురిస్తది, మీరు లాగినంత మీకు. నీళ్లు ఎక్కువ పోస్తే బరువైన పడవ, తక్కువ పోస్తే తేలిక పడవ, అంత తేడానే. కొన్ని మోడళ్లలో ట్యాంకు రెండు అరలుగా ఉండి లివర్ తిప్పితే నీళ్లు ఇటు నుంచి అటు మారతాయి, ఫస్ట్ డిగ్రీ ఫిట్‌నెస్ వాళ్లవి అలాంటివి, బాగుంటాయి కానీ మీ అవసరానికి అది తప్పనిసరి కాదు. ఈ నీళ్ల ఐడియాని చెక్క ఫ్రేములో పెట్టి ఇళ్లలోకి తెచ్చింది జాన్ డ్యూక్ అని అమెరికా నేషనల్ టీమ్‌లో పడవ నడిపినాయన, 1988లో వాటర్‌రోవర్ కంపెనీ, రోడ్ ఐలాండ్ రాష్ట్రంలో. ఇప్పుడు మార్కెట్లో దొరికే సగం మోడళ్లు దాని బొమ్మ చూసి చేసినవే.

సరే, సీటు కింద సంగతి. సీటుకి కింద నాలుగు చిన్న చక్రాలుంటాయి, కొన్నిటికి పక్కల్నించి పట్టుకునే చక్రాలు ఇంకో రెండు జతలు. ఆ చక్రం మెత్తటి పాలీయురేతేన్‌దా గట్టి ప్లాస్టిక్‌దా, లోపల బేరింగ్ ఉందా ఉత్త బుష్ ఉందా, అదీ మీ కింద అంకుల్ నిద్ర. ఎలా తెలుసుకోవాలంటే సీటుని ఒక్క వేలితో వెనక నుంచి ముందుకి తోయండి, మీరు కూర్చోకుండా. మంచిదైతే నూనె మీద జారినట్టు పోయి తనంతట తనే ఆగుద్ది, చెవి దగ్గర పెడితే సన్నగా 'స్‌స్‌' అని వినిపిస్తది అంతే. గరగరమన్నా, మధ్యలో ఒకచోట 'టక్' అన్నా వదిలెయ్యండి, ఖాళీ సీటుకే అలా ఉంటే మీ తొంభై కిలోలు ఎక్కితే ఏమైతదో ఊహించుకోండి. పట్టా మధ్యలో అతుకు ఉందేమో కూడా చూడాలి, మడిచి పెట్టుకునే మోడళ్లలో పట్టా రెండు ముక్కలుగా ఉంటది, ఆ అతుకు మీద చక్రం ఎక్కి దిగిన ప్రతిసారీ ఒక టక్, నిమిషానికి 22 సార్లు లాగితే పోనూ రానూ 44 టక్కులు, రోజూ అరగంట, కింద పడుకున్న మనిషికి చైనా గోడ గడియారం ఛాతీ మీద పెట్టినట్టే. మడిచేది కావాలని మీరు రాశారు, ఈ ఒక్క కారణానికి నేను వద్దంటున్నా. వాటర్ రోయర్లు చాలావరకు మడవక్కర్లేదు, నిలబెట్టేయొచ్చు, దాని సంగతి కింద చెప్తా.

లాగే తాడు గొలుసా బెల్టా అనేది ఇంకోటి. గొలుసుది పళ్ల చక్రం మీద కరకరలాడుద్ది, నూనె వెయ్యాలి, నూనెకి దుమ్ము పట్టుద్ది. బెల్టు అయితే ఆ గోల లేదు. హ్యాండిల్‌ని వెనక్కి లాక్కునేది లోపలున్న సాగే తాడు, బంగీ అంటాం, అది ఏళ్ల మీద వదులైపోతది, అప్పుడు బెల్టు లూజుగా ఊగి ఫ్రేముకి తగులుద్ది, చప్పుడు మొదలైందంటే ముందు అది చూసుకోండి, మార్పించడం పెద్ద ఖర్చు కాదు. స్పేర్ బంగీ, స్పేర్ చక్రాలు మీరిక్కడ ఇవ్వగలరా అని కొనేముందే అడగండి. ఆన్‌లైన్‌లో కొత్త కొత్త పేర్లతో వచ్చేవి చాలా ఉన్నాయి, రెండేళ్లకి ఆ పేరే ఉండదు, నా దగ్గరికి వచ్చి "అన్నా ఏదోటి సెట్ చెయ్యి" అంటారు, నేను స్కేటింగ్ షూ చక్రాల బేరింగులు తెచ్చి కూడా సెట్ చేశా ఒకసారి, పనిచేసింది, కానీ ప్రతిసారీ సైజు కుదరదు.

షోరూమ్‌లో టెస్ట్ చేసేటప్పుడు అక్కడ ఏసీ, పాటలు, పక్కన ఇంకో ట్రెడ్‌మిల్, అంతా గోలగా ఉంటది, ఆ గోలలో ఏ మెషీనైనా సైలెంటే. పొద్దున తెరవగానే వెళ్లండి, పాటలు ఆపమనండి, మొహమాటపడొద్దు, అరవై వేలు మీవి. ఇరవై సార్లు నిదానంగా లాగండి, తర్వాత పది సార్లు గట్టిగా. ఇంకో చిన్న పని చెప్తా, నవ్వుకున్నా పర్లేదు, స్టీల్ గ్లాసులో సగం నీళ్లు పోసి మెషీను పక్కన నేల మీద పెట్టండి, మీరు లాగుతుంటే ఇంకొకర్ని ఆ నీళ్ల మీద చూడమనండి. చెవికి వినపడే చప్పుడు వేరు, నేలలోకి దిగే అదురు వేరు, ఆ గ్లాసులో అలలు లేస్తే దిగుతోందన్నట్టు. నేను ఇంటికెళ్లి కంప్లైంట్ చూసేటప్పుడు చేసే మొదటి పని ఇదే, ఫోన్‌లో డెసిబెల్ యాప్ కన్నా నాకు ఆ గ్లాసు మీద నమ్మకం.

డెసిబెల్ అంటే గుర్తొచ్చింది, మన దేశంలో 2000 సంవత్సరంలో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి, రాత్రి అంటే పది నుంచి పొద్దున ఆరు దాకా. అంటే మీ అయిదున్నర చట్టం లెక్కలో ఇంకా రాత్రే. అది బయట వాతావరణానికి పెట్టిన కొలత, ఇంట్లో మెషీన్ మీద ఎవరూ మీటరు పట్టుకుని రారు, కానీ మొదటి అరగంట నిదానంగా వార్మప్ లాగి గట్టి భాగం ఆరు తర్వాత పెట్టుకుంటే మీకూ వాళ్లకీ మంచిది.

ఇప్పుడు నేల. మీ ఫ్లాటు కింద ఫ్లాటు ఒకే ప్లాను, కాబట్టి మీ బెడ్‌రూమ్ కింద వాళ్ల బెడ్‌రూమే, మీ హాలు కింద వాళ్ల హాలే. ఇది అందరికీ తెలిసిన ముచ్చటే గానీ మెషీన్ పెట్టేటప్పుడు ఎవరికీ గుర్తుండదు, ఖాళీగా ఉందని రెండో బెడ్‌రూమ్‌లో పెడతారు, సరిగ్గా కింద అంకుల్ మంచం మీద. హాల్లో పెట్టండి. అందులోనూ స్లాబు నడిమధ్యలో కాదు, గోడవారగా, బీము ఉన్న వైపు, స్లాబు మధ్యలో ఊగినంత అంచుల్లో ఊగదు. కింద వేసే మ్యాటు యోగా మ్యాటు కాదు, పజిల్ ముక్కల్లా అతికే ఫోమ్ కూడా కాదు, మెషీన్ కాళ్ల కింద అవి నెల రోజుల్లో అప్పడంలా అయిపోతాయి. గట్టి రబ్బరు షీటు, 8 నుంచి 10 మిల్లీమీటర్లది, సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొలిచి కోసి ఇస్తారు, మెషీన్ పొడవంతా అక్కర్లేదు, కాళ్లు ఆనే రెండు చోట్ల వేస్తే చాలు. ఇంకా అనుమానంగా ఉంటే రబ్బరు, దాని మీద ప్లైవుడ్, దాని మీద మళ్లీ రబ్బరు. కొత్త రబ్బరు వాసన వారం పది రోజులు ఉంటది, బాల్కనీలో ఆరేసి తర్వాత వెయ్యండి, లేకపోతే ఇంట్లో పంక్చర్ షాపు పెట్టావా అంటారు.

స్లాబు బరువు గురించి ఓనరుకి ఇలా చెప్పండి. ట్యాంకులో పట్టేది పదిహేడు లీటర్ల చిల్లర, అంటే పదిహేడు కిలోలు, మెషీన్ ముప్ఫై, మొత్తం యాభై లోపు, మీతో కలిపితే నూట నలభై అనుకోండి, అదీ ఏడడుగుల పొడవు మీద పరుచుకుని. మన ఇళ్ల స్లాబులు చదరపు మీటరుకి 200 కిలోల లెక్కన డిజైన్ చేస్తారు, ఇండియన్ స్టాండర్డ్ 875లో ఉంది. సంక్రాంతికి మీ హాల్లో పదిమంది చుట్టాలు కూర్చుంటే దీనికన్నా ఎక్కువ బరువు. నీళ్ల ట్యాంకు అన్న మాట వినగానే ఓనర్లు పైన సింటెక్స్ ట్యాంకు ఊహించుకుంటారు, అదీ అసలు సమస్య, ఫోటో చూపించండి.

నిలబెట్టడం గురించి. వాటర్ రోయర్ పొడవు సుమారు 210 సెంటీమీటర్లు, ట్యాంకు వైపు చక్రాలుంటాయి, వెనక వైపు పట్టుకుని ఎత్తితే ట్యాంకు కిందకి వచ్చి గోడకి నిలబడిపోతది, నీళ్లు తియ్యక్కర్లేదు. ఇక్కడ మన ఇళ్లలో ఒక చిక్కుంది, విదేశీ వీడియోల్లో కనపడనిది: సజ్జ. మన బెడ్‌రూముల్లో సజ్జ ఏడడుగుల దగ్గర వేస్తారు, 210 అంటే దాదాపు ఏడడుగులే, పైగా ఎత్తేటప్పుడు మెషీన్ మూల ఇంకో రెండు మూడంగుళాలు పైకి పోయి దిగుద్ది. మియాపూర్‌లో ఒకాయన పాపం గోడవార స్థలం కొలిచి, వెడల్పు కొలిచి, లిఫ్ట్ కూడా కొలిచి కొన్నాడు, ఎత్తితే సజ్జ అంచుకి తగిలి పెచ్చు ఊడి కింద పడింది, ఓనరు అడ్వాన్సులో పట్టుకున్నాడు. ఫ్యాను రెక్క కూడా చూసుకోండి, ఆపకుండా ఎత్తొద్దు.

చెక్కదా, అల్యూమినియమా, స్టీలా అని కూడా అడిగారు. చెక్క ఫ్రేముది అదురుని బాగా మింగుద్ది, నాకిష్టం, కానీ మంచి చెక్కవి మీ బడ్జెట్‌లో కొత్తవి రావు. సెకండ్ హ్యాండ్‌లో చూడండి, ఐటీ వాళ్లు అమెరికా ట్రాన్స్‌ఫర్ వస్తే అమ్మేస్తుంటారు, నీళ్ల మెషీన్‌లో అరిగేది తక్కువ, చక్రాలు బంగీ మార్చుకుంటే కొత్తదే. కొత్తది కావాలంటే స్టీలు కన్నా అల్యూమినియం సింగిల్ పట్టాది మేలు, స్టీలు డొల్ల పైపులు చప్పుడుని డప్పులా పెంచుతాయి, వేలి కణుపుతో కొట్టి చూడండి, టంగ్ అని మోగితే అలా మోగుతూనే ఉంటది. వైజాగ్ కాకినాడ వైపు చదివేవాళ్లకి ఒక మాట, సముద్రం గాలికి స్టీలు ఫ్రేము బోల్టులు తుప్పు పట్టి బిగుసుకుపోతాయి, మీరు చెక్క లేదా అల్యూమినియమే తీసుకోండి. చెక్క తేమకి ఉబ్బుద్ది ఎండకి తగ్గుద్ది, కాబట్టి వానాకాలం ఒకసారి ఎండాకాలం ఒకసారి అలెన్ కీతో బోల్టులన్నీ బిగించుకోవాలి, కిర్రుమంటోందని నాకు ఫోన్ చేసే పదిమందిలో ఎక్కువమందికి ఫోన్‌లోనే ఆ పని చెప్పి పెట్టేస్తా.

నీళ్లు ఏవి పొయ్యాలి? నిజాంపేట అన్నారు కాబట్టి బోరు నీళ్లు అయ్యుంటాయి. వద్దు. గీజర్లో, బకెట్ అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటది చూడండి, అదే ట్యాంకు గోడల మీద, తెడ్డు మీద పేరుకుంటది, ట్యాంకు గుడ్డిదైపోతది. ఆర్‌వో వాటర్ క్యాను ఇరవై లీటర్లది ఒకటి తెప్పించుకోండి, మెషీన్‌తో పాటు వచ్చే చేతి పంపుతో ట్యాంకు మీద గీత దాకా ఎక్కించండి, రెండు మూడు లీటర్లు మిగులుతాయి, తాగేయండి. తర్వాత వాళ్లిచ్చే క్లోరిన్ మాత్ర ఒకటి, సాధారణంగా ఆరు నెలలకోటి సరిపోతది, నీళ్లు మసకబారితే ముందే. బ్లీచింగ్ పౌడర్ అంతా ఒకటే కదా అని చెంచాడు వేసేవాళ్లున్నారు, ఆ ట్యాంకు పాలీకార్బొనేట్, గాఢంగా పడితే దెబ్బతింటది. పటిక ముక్క వేసినవాళ్లని కూడా చూశా, వాళ్ల అమ్మమ్మ బిందెలో తిప్పేదట. అమ్మమ్మ తప్పు కాదు, పటిక బురదని అడుక్కి దించుద్ది, కానీ ఇక్కడ తెడ్డు ఒక్కసారి తిరిగితే అడుక్కి దిగిందంతా మళ్లీ పైకే.

అన్నిటికన్నా ముఖ్యం, ఎండ తగలకూడదు. కొండాపూర్‌లో ఒక ఫ్లాటులో పడమర బాల్కనీకి అద్దాలు పెట్టించి అక్కడ పెట్టారు, సాయంత్రం సూర్యుడు ట్యాంకులోంచి మెరుస్తుంటే బ్రహ్మాండంగా ఉంటదని. రెండు నెలలకి పిలిచారు. ట్యాంకు మూత తీస్తే ఊరి చెరువు వాసన, తెడ్డుకి పాచి జుట్టులా వేలాడుతోంది, నీళ్లు తోడి, మళ్లీ పోసి తిప్పి, మళ్లీ తోడి, నాలుగు విడతలు అయ్యాక తెల్లబడ్డాయి. ఆ రోజంతా దానికే పోయింది. కర్టెనేసిన గదిలో ఉన్న నా మెషీన్‌లో నీళ్లు ఆరేళ్లలో మూడుసార్లే మార్చా.

కొత్త మెషీన్ రాగానే ఒక పని చెయ్యండి, పూర్తిగా బిగించకముందే ట్యాంకులో నీళ్లు పోసి కింద పాత న్యూస్‌పేపర్ పరిచి రాత్రంతా వదిలెయ్యండి, పొద్దున పేపర్ తడిసుంటే అక్కడే ఫోటో తీసి కంప్లైంట్ పెట్టండి. చెమర్చిందని ట్యాంకు స్క్రూలు మీరే బలంగా బిగించొద్దు, ట్యాంకు అంచు చీలుద్ది, అది వారంటీలోకి రాదంటారు. నా మొదటి మెషీన్‌కి నేనే ఆ పని చేశా, సర్వీసు మనిషిని అయ్యుండి, ఎవరికీ చెప్పుకోలేదు.

మెషీన్ మీద దూరం, టైము చూపించే మీటరు గురించి పెద్దగా పట్టించుకోవద్దు. వాటర్ వాటిలో దూరం లెక్క నీళ్ల మట్టం మీద, కంపెనీ లెక్క మీద ఆధారపడుద్ది, మీ 2000 మీటర్ల టైము పక్కింటాయన టైముతో పోల్చుకోలేరు. అలా పోల్చుకోవాలనుంటే కాన్సెప్ట్2 ఒక్కటే దారి, దాని మీటరు ప్రతి లాగుడికీ గాలి ఎదురుని కొలిచి సరిచేసుకుంటది, ప్రపంచంలో ఎక్కడ లాగినా ఒకటే లెక్క. మీరు నిన్నటి మీతో పోటీపడితే ఏదైనా పర్లేదు. ఫోన్ యాప్‌కి కలపాలంటే బ్లూటూత్‌లో ఎఫ్‌టీఎంఎస్ (వేరే కంపెనీల యాప్‌లకి కూడా కలిసే ఉమ్మడి పద్ధతి) ఉందా అని అడగండి, కంపెనీ సొంత యాప్ ఒక్కటే అంటే ఆ యాప్ ఎన్నాళ్లుంటదో చూసుకోండి.

మోకాలు. మెట్లెక్కేటప్పుడు నొప్పి అన్నారు కాబట్టి ముందు ఆర్థోపెడిక్ డాక్టర్‌కి చూపించుకుని రోయింగ్ చెయ్యొచ్చా అని అడిగి కొనండి, ఇది నేను చెప్పే విషయం కాదు. మెషీన్ వైపు నుంచి నేను చెప్పగలిగింది సీటు ఎత్తు. చెక్క వాటిలో సీటు నేల నుంచి అడుగు ఎత్తే ఉంటది, కింద పీట మీద కూర్చుని లేచినట్టు, వ్యాయామం బానే ఉంటది, లేవడమే గండం. కొన్ని మోడళ్లు అడుగున్నర పైన, కుర్చీ ఎత్తులో వస్తాయి, మీకు అవి చూడండి, తర్వాత మీ అమ్మగారు వాడినా పనికొస్తది. లాగేటప్పుడు ముందుకి మరీ ముడుచుకుపోవద్దు, పిక్కలు నిటారుగా వచ్చేదాకా చాలు, మొదట్లో అంతకన్నా ముందే ఆగినా తప్పులేదు.

ఇంకోటి, చప్పుడుకీ మనిషికీ సంబంధం. ఎంత మంచి మెషీన్ ఇచ్చినా కొందరు దాన్ని రోకలిలా వాడతారు. కాళ్లతో తోసి, నడుం వెనక్కి, ఆఖర్న చేతులు, ఇది పోవడం. రావడం ముందు చేతులు, తర్వాత నడుం, ఆఖర్న మోకాళ్లు. పోయేది ఒకటి లెక్క అయితే వచ్చేది రెండు లెక్క. చాలామంది పోయినంత స్పీడ్‌గా వచ్చేస్తారు, సీటు ముందు స్టాపర్‌కి దబ్ మని తగులుద్ది, మడమలు పాదాల పలక మీద ఠప్ మని పడతాయి. బావిలోకి చేద ఒక్కసారిగా వదిలేస్తే ఎలా దభీమంటదో అలా. చేద లాగడం గట్టిగా, వదలడం తాడు చేతిలో పట్టుకుని మెల్లగా, అంతే రోయింగ్ అంటే. నిమిషానికి 20, 22 మించనివ్వకండి మొదటి రెండు నెలలు, చెమట దానికే పడుద్ది. నాకొచ్చిన చప్పుడు కంప్లైంట్లలో సగం మెషీన్‌ది కాదు, పది నిమిషాలు పక్కన కూర్చుని లాగడం నేర్పిస్తే పోయినవే, దానికి విజిటింగ్ చార్జీ తీసుకోవడం నాకే మొహమాటం.

మీ ఆవిడ వాడతారన్నారు కదా, చున్నీ, పొడుగు టాప్ అంచులు సీటు చక్రాల్లోకి పోతాయి, పొట్టి టీషర్ట్ వేసుకోమనండి. జుట్టు కూడా చక్రాల ఇరుసులకి చుట్టుకుంటది, నెలకోసారి సీటు తిరగేసి కత్తెరతో కోసి లాగెయ్యాలి. పట్టా వారానికోసారి తడిగుడ్డతో తుడవడమే, కొబ్బరినూనె కుట్టుమిషన్ నూనె ఏదీ రాయొద్దు, దుమ్ము పట్టి నల్లటి జిగురు అయిపోతది, ఆ జిగురే మళ్లీ టక్ టక్.

కాబట్టి మీకు నేను చెప్పేది అల్యూమినియం సింగిల్ పట్టా, అతుకు లేనిది, బెల్టుది, సీటు అడుగున్నర ఎత్తులో ఉన్నది, స్పేర్లు హైదరాబాద్‌లో ఇచ్చేవాళ్ల దగ్గర. దొరక్కపోతే సెకండ్ హ్యాండ్ చెక్కది, సీటు కింద నేను చెప్పినట్టు చూసి. మెషీన్ వచ్చిన మొదటి రోజు సాయంత్రం పూట మీ ఆవిడని లాగమని చెప్పి మీరు కిందకెళ్లి అంకుల్ వాళ్ల హాల్లో కూర్చోండి, ఏం వినపడుతోందో మీ చెవితోనే వినండి, ఆయన ముందే మీకు తెలిసిపోతే ఆయన తలుపు కొట్టే అవసరం ఉండదు, ఉత్త చేతులతో వెళ్లకండి.

హాల్లో పెట్టేది సరే, నిలబెట్టేది ఎక్కడో రాయలేదు మీరు. బెడ్‌రూమ్‌లో అయితే సజ్జ అడుగు నుంచి నేల దాకా టేపు పెట్టి కొలిచి, ఫ్యాను ఎంత దూరంలో ఉందో కూడా రాయండి, మీ పొడుగు ఆరడుగులన్నారు కాబట్టి ఏ పొడవు పట్టా సరిపోతదో ఆ కొలత చూశాక చెప్తా.